తడి పొట్టేలు, గళ్ళ పలక

పొద్దున ఆదోని గదిలో పెట్టె సర్దుతుంటే కవర్‌గ్లాసు మీద ఒక పత్తి నూగు కనిపించింది. పత్తి మిల్లుల ఈ ఊరి గాలిలో అది మామూలే. కానీ ఆ పల్చటి గాజు, మైక్రోస్కోప్ కింద కణాలు లెక్కపెట్టే గళ్ళ పలక మీద సరిగ్గా కూర్చోకపోతే వీర్యకణాల లెక్క తప్పుతుంది. తుడిచి, మళ్ళీ తుడిచి బయల్దేరాను. ఎమ్మిగనూరు దగ్గరి పల్లెలో ఈరన్న అనే గొర్రెల కాపరి తన పొట్టేలు మందకు పనికొస్తుందో లేదో చూడమన్నాడు. పనికిరాకపోతే మాంసానికి అమ్మేస్తాడు.

ఎమ్మిగనూరుకు పల్లెవెలుగు బస్సులో గంట పట్టింది. మైక్రోస్కోప్ ఒళ్ళో పెట్టుకున్నాను. అక్కడి నుంచి షేర్ ఆటో, మనిషికి ముప్పై. "పెట్టెలో ఏముందమ్మా, కోడిపిల్లలా?" అన్నాడు డ్రైవర్. తల అడ్డంగా ఊపాను.

ఈరన్న ఇంటి ముందు, మాంసానికి గొర్రెలు కొనే కోసిగి వ్యాపారి టెంపో అప్పటికే ఆగి ఉంది. "నీ పొట్టేలు పెండ్లికొడుకు మాదిరి ఉండాదప్పా," అని నవ్వుతున్నాడు వ్యాపారి. ఈరన్న నవ్వలేదు.

ఈరన్న ఆడగొర్రెను పట్టుకుంటే, పొట్టేలు దాని మీదికి ఎక్కగానే నేను గొట్టంలో వీర్యం సేకరించాను. కణాలు కదలకుండా ఆపే ఉప్పు, ఫార్మలిన్ ద్రావణంలో పిపెట్‌తో కొలిచి కలిపి, పలక మీద పెట్టి, కణాలు అడుగుకు దిగేదాకా ఆగాను. గళ్ళలో అక్కడొకటి, ఇక్కడొకటి. సరిచూడ్డానికి పలక మీద రెండో వైపున్న గళ్ళూ చూశాను, అంతే.

"ఉందా లేదా సెప్పమ్మా. ఎండకు బండి కాలిపోతాంది," అన్నాడు వ్యాపారి. పొట్టేలు తాడు అప్పటికే అతని చేతిలో ఉంది.

మళ్ళీ కన్ను ఆనించాను. ఉన్న కాసిని కణాల తోకలూ ఉంగరాల్లా చుట్టుకుని ఉన్నాయి. ఉప్పు కలపని మామూలు నీళ్ళు తగిలితే అలా అవుతాయి. లేచి పొట్టేలు కడుపు కింద చెయ్యి పెట్టాను. ఉన్ని నుంచి నీళ్ళు కారాయి.

"అన్నా, దీన్ని కడిగినారా?"

"డాక్టరమ్మ వస్తాందని ఇప్పుడే పోసినాం. కంపు కొడితే మీకేం మర్యాద?" అంది ఈరన్న భార్య మారెమ్మ.

"నీళ్ళు పోస్తే మగతనం పోతాదా యాడన్నా?" అన్నాడు వ్యాపారి.

"సేకరించేటప్పుడు గొట్టంలోకి నీళ్ళు కారి వీర్యం పలచబడింది. పొట్టేలు ఆరాక మళ్ళీ చూస్తాను," అన్నాను. ఆ మాట గట్టిగానే వచ్చింది.

మారెమ్మ పాత తువ్వాలుతో పొట్టేలును తుడుస్తూనే ఉంది. వ్యాపారి తాడు వదల్లేదు. ఉన్ని ఆరాక రెండోసారి పడితే వీర్యం మీగడలా చిక్కగా వచ్చింది. అయినా చూసి చెప్పలేం, లెక్కపెట్టాల్సిందే. పెట్టాను. గళ్ళు నిండుగా ఉన్నాయి, పలక రెండు వైపులా లెక్క దగ్గర దగ్గరగా వచ్చింది.

"ఉంచుకోండన్నా," అన్నాను. వ్యాపారి తాడు ఈరన్న మీదికి విసిరి, "సరేలేప్పా, పెండ్లి సేసుకోనీ," అని బండెక్కాడు.

ఖచ్చితత్వం అంతా గాజులోనూ పిపెట్‌లోనూ ఉంటుందని చదువుకునేటప్పుడు నేర్చుకున్నాను. అది పొట్టేలు కడుపు కింది ఉన్ని దగ్గరే మొదలవుతుందని ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ముందురోజే ఫోన్ చేసి జంతువును కడగొద్దని చెప్పండి. సంచిలో పొడి తువ్వాలు ఒకటి పెట్టుకోండి.

ఆటో ఎక్కేటప్పుడు మారెమ్మ ఒక మాట చెప్పింది. దీని తోడు పొట్టేలు పోయిన నెల ఇంకెవరో చేసిన పరీక్షలో తప్పి ఇదే టెంపోలో మాంసానికి పోయింది; ఆ పరీక్ష పొద్దున దానికీ ఇలాగే స్నానం చేయించారట.