అగ్గిపెట్టెలో మామయ్య మెదడు

మా ప్రసాదు మామయ్య పరువును ఒక అగ్గిపెట్టెలో పెట్టి, నిండు చర్చిలో అంటించిన ఘనత నాది. చిన్న పొరపాటే. ఆ రోజు అక్కడున్నవాళ్లు మాత్రం దానికి వేరే పేరు పెట్టారు.

డెబ్బైల్లో బెజవాడలో బి.యస్సీ. ఫిజిక్సు రెండో సంవత్సరం చదువుతున్నాను. అంటే, తెలియనిదంటూ ఏమీ లేని వయసు. మామయ్య మా చర్చిలో సంఘపెద్ద. ముందు వరసలో, అందరికీ కనబడేలా ఆయన కుర్చీ. ప్రసంగం మొదలైన ఐదో నిమిషానికి అందులోంచి గురక. "ఇంకొక్కసారి వినబడిందా, ఆ కుర్చీ వేరేవాళ్లకిచ్చేస్తాను" అనేశారు మా పాస్టరు అయ్యగారు.

"ఇరవై ఏళ్ల కుర్చీరా! నీ చదువుతో ఏదన్నా చెయ్యరాదూ?" అన్నాడు మామయ్య, దాదాపు ఏడుస్తూ.

మెదడులో కరెంటు ఉంటుందనీ, నిద్రలో అది మారుతుందనీ, పెద్ద డాక్టర్లు బీరువా అంత యంత్రంతో దాన్ని కొలుస్తారనీ లైబ్రరీలో చదివాను. బీరువాను అగ్గిపెట్టెకు కుదించడమొక్కటే మిగిలిందనిపించింది. పాత ట్రాన్సిస్టర్ విప్పి కుదించేశాను. చెవి వెనక ప్లాస్టరు కింద రెండు రాగి ముక్కలు, కాలరులోంచి తీగ, జేబులో అగ్గిపెట్టె. మెదడు కునుకు తీస్తే కుయ్యిమని లేపుతుంది.

ఆదివారం. మే నెల. కరెంటు లేదు. ప్రసంగం మొదలైంది.

"కుయ్!"

"ప్రసాదు గారూ, నిద్రా?" అన్నారు అయ్యగారు.

"అబ్బే, మెలకువేనండీ!"

"కుయ్‌య్‌య్!"

"కళ్లు తెరుచుకుని నిద్రపోవడం కూడా నేర్చారా!" ఆడవాళ్ల వైపు నుంచి అత్తయ్య.

అంతలో కరెంటొచ్చింది. మామయ్య నెత్తిమీది ఫ్యాను తిరిగింది. కూత ఆగిపోయింది. నేను గర్వంగా నలువైపులా చూశాను. అప్పుడు మొదలైంది గురక, స్టేషన్లోకొచ్చే గూడ్సుబండిలా.

అయ్యగారు దిగొచ్చి, తీగ పట్టుకుని అగ్గిపెట్టెను బయటికి లాగారు. "ఏమిటిది?"

"మెదడు నిద్రపోతే మోగుతుందండీ," అన్నాను నేను.

"ఇప్పుడు మోగట్లేదేం?"

ఆ క్షణాన అర్థమైంది. అది పసిగట్టింది మెదడును కాదు, చెమటను. ఉక్కలో మెలకువగా ఉన్నంతసేపూ కూసింది, గాలికి ఆరి నిద్రపట్టగానే నోరు మూసుకుంది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను ఎలుక కోసం తవ్వి కొండను మామయ్య మీద పడేశాను.

"కుర్చీ పోయినట్టేనాండీ?" అన్నాడు లేచిన మామయ్య.

"ఎందుకు పోతుంది? మళ్లీ ఎప్పుడు కూస్తుందా అని ఇవాళ సంఘంలో ఒక్కరూ కునుకు తియ్యలేదు. నా సేవలో ఇదే మొదలు," అన్నారు అయ్యగారు.

కుర్చీ ఉంది. ఫ్యాను కింద నుంచి మాత్రం జరిపారు.

మనిషి మెదడు జోలికి మళ్లీ పోనని ఆ రోజే ప్రమాణం చేశాను. మే నెలలో అసలే పోను. బెజవాడలోనైతే, డిసెంబరులో కూడా.