లెక్కపెట్టని మూట

మా ముత్తాత రాఘవయ్య గారు మూడు ఊళ్ళకు మునసబు. ఆయన గుర్రం మీద గురజాల కచేరీకి బయలుదేరితే ఎదురొచ్చే బండ్లు పక్కకు తప్పుకునేవట. మా తాత కోటయ్య గారి నాటికి గుర్రం పోయి సైకిలు వచ్చింది. అయినా అరుగుల మీద జనం లేచి నిలబడేవారట. మా నాన్నగారు ఎదిగి వచ్చేసరికి మునసబు పదవులే రద్దయ్యాయి. ఆయన బస్సులో వెళ్ళేవారు. ఎవరైనా సీటు ఇస్తే కూర్చునేవారు, లేకపోతే గురజాల దాకా నిలబడే వెళ్ళేవారు. అంతేగాని ‘కాస్త జరగండి’ అని ఒకరిని అడిగి ఎరుగరు. (ఈ నిటారు నడుము మాకు వంశపారంపర్యం. నరసరావుపేట డాక్టరు మాత్రం దాన్ని వెన్నుపూస జబ్బు అని చీటీ మీద రాశాడు.)

ముత్తాత గారి కాలంలో ఊరి వాళ్ళు తమ వెండీ బంగారం మా ఇంట్లో దాచుకునేవారు. పద్ధతి ఒకటే. సొమ్ము యజమాని మూట కట్టి ముడి వేసి ఇస్తాడు, మళ్ళీ తనే వచ్చి ముడి విప్పుకుంటాడు. మధ్యలో మా వాళ్ళు విప్పరు, లెక్కపెట్టరు, కాగితం రాయరు. ఆ మూటలు పెట్టిన ఇనప్పెట్టె, నలుగురు మనుషులు కదిలించలేనిది, నా చిన్నప్పుడు కూడా నడిమింట్లోనే ఉండేది. అప్పటికి అందులో ఉన్నది చెల్లని పాత కాగితాలు, నాయనమ్మ నెయ్యి డబ్బా. పిల్లి తెరవలేని చోటు ఇల్లు మొత్తం మీద అదొక్కటే.

ఈ కథ జరిగిన రోజుల్లో, అంటే పెద్ద నోట్లు రద్దయిన మరుసటి ఏడు, డబ్బున్న ప్రతి వాడికీ భయమే. డబ్బు లేని మేము ఒక్కళ్ళమే ఊళ్ళో ధైర్యంగా తిరిగేవాళ్ళం. ఏటీఎంల తలుపులకు ‘నో క్యాష్’ అట్టలు వేలాడేవి. మండలంలో ఒక డిపాజిట్ల కంపెనీ రాత్రికి రాత్రే బోర్డు పీకేసింది. బ్యాంకు మునిగితే మన డబ్బు బ్యాంకు వాడే మింగొచ్చని చట్టం వస్తోందని వాట్సాప్‌లో ఒకటే పుకార్లు. టీ కొట్టు దగ్గర ఒకడు బంగారం కొనమనేవాడు, ఒకడు మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టమనేవాడు. ఎవరి మాటా ఎవరూ నమ్మేవారు కాదు. అలాంటి రోజున పానా మామ మా ఇంటికి వచ్చాడు.

పానా మామ ట్రాక్టర్ మెకానిక్కు. అసలు పేరు మస్తాన్. ఎప్పుడూ జేబులో పానా ఉండేది కాబట్టి ఊరంతా అలాగే పిలిచేది. బొల్లాపల్లి నుంచి కూడా ఆయన కోసం ట్రాక్టర్లు వచ్చేవి. ముప్పై ఏళ్ళు నూనె మరకల్లో కూడబెట్టింది, రోడ్డు పక్క షెడ్డు స్థలం అమ్మగా వచ్చింది కలిపి ఆయన దగ్గర పన్నెండు లక్షలు తేలాయి. నరసరావుపేటలో లేత్ మిషను కొని కొడుకుల్ని అందులో నిలబెట్టాలని ఆయన ఆశ. అక్కడి షెడ్డు చేతికి రావడానికి ఇంకా మూడు నెలలుంది. ఆ మూడు నెలలూ డబ్బు ఎక్కడ పెట్టాలన్నదే ఆయన దిగులు.

తువ్వాలులో కట్టిన మూటను నాన్నగారి ముందు పెట్టి, “బాబుగారూ, కంపెనీలో ఏసింది యాభై వేలు పోయినయ్. బ్యాంకుకెళ్దామంటే బుద్ధి పుట్టటం లేదు. మా తాత కాలంలో మీ పెట్టెలోనే పెట్టుకునేవోళ్ళంట గదా. మీ దగ్గరైతే నాకు నిద్ర పడతది,” అన్నాడు.

లోపలి నుంచి నాయనమ్మ గొంతు వినబడింది. “సర్కారు బ్యాంకును నమ్మనోడివి మమ్మల్ని నమ్మావంటే నీకు మా సంగతి తెలవకే గదరా మస్తానూ!”

“నువ్వూరుకో పెద్దమ్మా, నెయ్యి డబ్బా పక్కన కాస్త చోటియ్యి చాలు,” అని నవ్వి, నాన్నగారి వైపు తిరిగి, “పన్నెండు బాబుగారూ. ఒక్కసారి మీరు గూడా లెక్కేసుకోండి,” అన్నాడు.

నాన్నగారి చెయ్యి జేబులోని కళ్ళజోడు వైపు వెళ్ళడం నేను చూశాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యి కనిపిస్తుంది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. డిగ్రీ ఉంది, మీసం ఉంది, ఉద్యోగం లేదు. రాఘవయ్య గారి మునిమనవడిని అనుకునే అవకాశం రోజుకు ఒకసారైనా వస్తుందా అని ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి. ఆ క్షణం వచ్చింది. గోడకు ఆనుకున్న వాణ్ణి నిటారుగా నిలబడి, “ఒకరి సొమ్ము లెక్కపెట్టే అలవాటు మా ఇంట్లో లేదు మామా,” అన్నాను. (ఈ మాట అన్నాక కుడిచెయ్యి మీసం మీదికి కూడా పోయింది. దాచడమెందుకు.)

నాన్నగారి చెయ్యి జేబు దగ్గరే ఆగింది. వారసుడు పరాయివాడి ముందు అంత మాట అనేశాక ఆయన కళ్ళజోడు ఎలా తీస్తారు? “తాళం వాడికియ్యమ్మా,” అన్నారు లోపలికి చూస్తూ. తాళం చెవి నా మొలతాడుకు చేరింది.

ఆ మూడు నెలలు నా జీవితంలో నేను చేసిన మొదటి ఉద్యోగం. జీతం లేదు గాని హోదా ఉంది. పెట్టె ముందు కుర్చీ వేసుకుని తాత గారి చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నెయ్యి కావాలంటే నాయనమ్మ నన్ను బతిమాలాల్సి వచ్చేది. “ఒరేయ్ మేనేజరూ, పప్పు చల్లారిపోతంది, తియ్యరా తలుపు!” అని తిట్టేది. టీ కొట్టుకు వెళ్తే అక్కడి బాబాయి, “ఏంది అబ్బాయ్, మీ బ్యాంకు మధ్యాహ్నం భోజనాలకు మూస్తారా?” అని అడిగేవాడు. అందరూ నవ్వేవారు. నేను మాత్రం అది మర్యాదగానే తీసుకున్నాను.

షెడ్డు చేతికొచ్చిందని పానా మామ వచ్చాడు. నేనే పెట్టె తెరిచి మూట తెచ్చి ఆయన ముందుంచాను. ముడి ఆయనే విప్పుకున్నాడు. కొత్త రెండు వేల నోట్లు. వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. మూడోసారి నోట్లను నేల మీద వరసలుగా పేర్చుకుని లెక్కపెట్టాడు. తొమ్మిది లక్షలే ఉన్నాయి.

“నేనే తప్పు లెక్కేసి ఉంటా బాబుగారూ,” అన్నాడు చివరికి, మా ఎవరి ముఖమూ చూడకుండా. “పెద్దోణ్ణయినా గదా. తొమ్మిదే అయ్యుంటయ్.”

“పన్నెండు అన్నావు,” అన్నారు నాన్నగారు.

“అన్నాను గానీ...”

“అన్నావు, నేను విన్నాను. పది రోజులు ఆగు. మిగతా మూడు నీ ఇంటికి వస్తాయి. ఈ మాట మన మధ్యనే ఉండాలి.”

“వొద్దు బాబుగారూ, నా నోరు పడిపోను, నేనేమన్నా...”

“మస్తానూ, నువ్వు ఏమీ అనలేదు. వెళ్ళు.”

ఆయన వెళ్ళిపోయాడు. నాన్నగారు నా వైపు చూశారు. చూపు ముందు నా ముఖం మీద నిలిచి, మెల్లగా నా మొలతాడుకు వేలాడే తాళం చెవి మీదికి దిగింది. ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ‘నువ్వు తీశావా?’ అని అడిగి ఉంటే లేదని ఒట్టు వేసేవాణ్ణి, ఏడ్చేవాణ్ణి, అరిచేవాణ్ణి. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు. నా అంతట నేను ‘నేను తీయలేదు’ అంటే, తీసినవాడు అనే మాటే అది.

పది రోజులన్నారు గాని తొమ్మిదో రోజే నాన్నగారు మూడు లక్షలు పానా మామ ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చారు. ఆ తర్వాత ఏడు నెలలు మా ఇంట్లో మాటలు కరువయ్యాయి. నాన్నగారు నాకంటే ముందే భోజనం ముగించి లేచేవారు. చొక్కా జేబులో డబ్బులు ఉంచి దండెం మీద వేసే అలవాటు మానేశారు. అది గమనించిన రోజున నేను బస్సులాగే కొండమోడు జంక్షన్ దాకా నడిచి వెళ్ళి, ఏ బస్సూ ఎక్కకుండా మళ్ళీ నడిచి వచ్చాను. నాయనమ్మ ఒక్కతే, “వాడు తీసే రకమైతే ముందు నా నెయ్యి పోయేది,” అని గోడతో చెప్పేది. నాన్నగారు వినేవారో లేదో తెలియదు.

ఏడో నెలలో ఒక పొద్దున పానా మామ, ఆయన భార్య మా గుమ్మం ముందు నిలబడ్డారు. అత్త (మేమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్ళం) కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆమె చేతిలో ఒక మూట. దాని నుంచి ఘాటు మిర్చి వాసన వస్తోంది.

జరిగింది ఇది. మూట మా ఇంటికి తెచ్చిన రోజున, బయలుదేరే ముందు మామ స్నానానికి వెళ్ళినప్పుడు, ఉన్నదంతా ఒక్క చోటే పెట్టడం అత్తకు భయమేసింది. మూట విప్పి మూడు లక్షలు తీసి, ఎండుమిరపకాయల గోనె బస్తాలో, అదే టిక్కీలో, అడుగున దాచి, మళ్ళీ ముడి వేసింది. మిరపకాయల్లో ఎలుకా చెయ్యి పెట్టదు, దొంగా పెట్టడు. అవసరం పడ్డప్పుడు తీసి మొగుణ్ణి ఆశ్చర్యపరచాలనుకుంది. తక్కువ వచ్చిందని మామ ఆమెకు చెప్పనే లేదు. చెబితే ఆడవాళ్ళ నోట పడి మా ఇంటి పేరు పోతుందని ఆయన భయం. నాన్నగారు డబ్బు ఇచ్చిన సంగతీ దాచాడు. ఆయన ఏమీ అడక్కపోయేసరికి, ఉన్నదాంతోనే సరిపెట్టుకున్నాడని ఆమె అనుకుంది. లేత్ మిషనుకు కరెంటు డిపాజిట్ కట్టాల్సి వచ్చి ఆయన తల పట్టుకుంటే, ఆమె మురిసిపోతూ టిక్కీలో చెయ్యి పెట్టింది.

“ఆయన నోరిప్పి ఒక్క మాట చెప్పుంటే నేను ఆ రోజే తెచ్చిచ్చేదాన్ని గదయ్యా!” అంది అత్త.

“నేను ఇచ్చింది మళ్ళీ తీసుకోను,” అన్నారు నాన్నగారు.

“తీసుకోపోతే నేనీ గుమ్మం దిగను,” అన్నాడు మామ.

మూట అరుగు మీద పెట్టారు. ఇద్దరు మగవాళ్ళూ దాన్ని ముట్టకుండా చెరో వైపు కూర్చున్నారు. వీధిలో జనం పోగయ్యారు. అరగంట చూసి నాయనమ్మ బయటికి వచ్చింది. “మీ పెద్దరికాలు తగలెయ్య! ఇటియ్యవే పిల్లా,” అని మూట లాక్కుని, అరుగు మీద బాసింపట్టు వేసుకుని, వీధంతా వినబడేలా ఒక్కొక్క నోటూ లెక్కపెట్టింది. మిర్చి ఘాటుకు మధ్య మధ్యలో తుమ్మేది, తుమ్మినప్పుడల్లా లెక్క మరిచి మళ్ళీ మొదలుపెట్టేది. జనం నవ్వారు, మామ నవ్వాడు, ఏడుస్తున్న అత్త కూడా నవ్వింది. నాన్నగారు నవ్వలేదు. నా వైపు చూస్తూ ఏదో చెప్పబోయారు.

తర్వాత రెండేళ్ళకు ఆయన పోయారు. చెప్పబోయింది ఏమిటో నాకు తెలుసనే అనుకుంటాను. ఇప్పుడు నేను నరసరావుపేటలో ఒక ఎరువుల కొట్టులో గుమాస్తాను (బంధువులతో మాత్రం ‘అకౌంట్లు చూస్తాను’ అంటాను). ఎవరు పది రూపాయలు ఇచ్చినా వాళ్ళ ముందే లెక్కపెడతాను. గోడకు ఆనుకున్న ఆ ఇరవై నాలుగేళ్ళ వాడు, ఇంటి పరువంతా తన ఒక్క మాట మీదే ఆధారపడినట్టు మీసం మీద చెయ్యి వేసుకుని గుర్తొస్తాడు. కోపం రాదు. పోయి భుజం మీద చెయ్యి వేసి, ‘కాసేపు ఊరుకోరా, మీ నాన్న కళ్ళజోడు తీస్తున్నాడు’ అని చెప్పాలనిపిస్తుంది.

ఆ మూడు లక్షలు నాయనమ్మ పేరున బ్యాంకులో వేశాం. వాటి కోసం నాన్నగారు ముందే అమ్మింది ఊరి దక్షిణాన ఉన్న ఎకరం మెట్ట చేను, గట్టు మీది రెండు వేపచెట్లతో సహా. రాఘవయ్య గారి పేరున మిగిలి ఉన్న ఆఖరి భూమి అది.