గంగక్క ముందు వాగులో పడ్డ రోజు

వాగుల్లో ఏయే చేపలు మిగిలాయో చూసి రాసుకునే పని నాది. వలకు చిక్కని చిన్న చేపలను కొద్దిపాటి కరెంటుతో సొమ్మసిల్లజేసి, చూసి, మళ్లీ నీళ్లలో వదిలే పద్ధతి ఒకటుంది. శిక్షణ లేకుండా ఆ కరెంటు యంత్రం ముట్టనివ్వరు, దాన్ని వీపున మోయడం రాకపోతే వచ్చే సర్వేలో నాకు పని ఉండదు. అందుకే శిక్షణ కోసం రామగిరి వైపు బయలుదేరాను.

రైల్లో నిద్ర పట్టలేదు. పొద్దున్నే మంచిర్యాలలో దిగి, బస్సులో గోదావరి దాటి గోదావరిఖని చేరాను. అక్కడి నుంచి షేర్ ఆటో, యాభై రూపాయలు. రాత్రి షిఫ్టు దిగిన బొగ్గుగని కార్మికుల మధ్య ఇరుక్కున్నాను. పక్కాయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. లేపబుద్ధి కాలేదు.

“ఏం పని మీద వచ్చినవన్నా?” అని డ్రైవర్ అడిగితే చెప్పాను.

“కరెంటుతోని చేపలా? పోలీసోళ్లు తీస్కపోతరే! జర పైలం.”

ఆటో అంతా నవ్వింది. పక్కాయన మాత్రం లేవలేదు.

శిక్షణకు వచ్చినవాళ్లం, నేర్పే సారు కలిసి వాగు దగ్గరికి చేరేసరికి ఆ ఊళ్లో చేపలు పట్టేవాళ్లు వాగు గట్టు మీద ఉన్నారు. వాళ్ల ముందు గంగక్క అనే ఆమె నిలబడింది. కరెంటు స్తంభం నుంచి తీగ లాగి చేపలు పట్టబోయి ఆమె తమ్ముడు ఇదే వాగులో షాక్ కొట్టి పోయాడట. సారు అనుమతి కాగితం చూపించినా చేపలవాళ్ల సంఘం పెద్ద ఒకటే మాటన్నాడు: “అక్క ఒప్పుకోవాలె.”

“మనిషి పడితె ఎట్ల?” అని ఆమె అడిగింది.

“మనిషి ఒరిగితే కరెంటు దానంతటదే ఆగుతుందమ్మా,” అన్నాడు సారు.

“చెప్పుడు గాదు. పడి చూపియ్యి.”

సారు యంత్రం వీపున వేసుకుని మీట నొక్కాడు. కరెంటు పారుతోందని అది కూత మొదలుపెట్టింది. మోకాటిలోతు నీళ్లలో పక్కకు పడ్డాడు. కూత ఆగింది.

“మల్లొక్కసారి.”

మళ్లీ పడ్డాడు. అప్పుడామె నా వైపు చూసింది. “గీయన గూడ పడాలె. రేపు మోసేటోడు గీయననే గదా.”

యంత్రం వీపున వేసుకుని, మీట నొక్కి నేనూ పడ్డాను. బూట్ల నిండా నీళ్లు.

“నిద్రల మంచం మీదికెల్లి పడ్డట్టు పడ్డవేందే!” అన్నారెవరో. గట్టంతా నవ్వింది. గంగక్క నవ్వలేదు, కూత నిజంగా ఆగిందా అని చెవి పెట్టి వింటోంది. కాసేపటికి, “సరె, పట్టుకోండ్రి,” అంది.

సాయంత్రం దాకా తడి బూట్లతో వాగులో నడిచాం. కరెంటుకు సొమ్మసిల్లి తేలిన పరకలు, జెల్లలు లాంటి చిన్న చేపలను నీళ్ల తొట్టిలో వేశాం. గంగక్క తొట్టి పక్కనే కూర్చుంది. ఒక్కొక్కటే తేరుకుని ఈదసాగాయి. చివరికి ఒక పరక మాత్రం వెల్లకిలా ఉండిపోయింది. ఆమె దాన్ని వేలితో కదుపుతూనే ఉంది. అది బోర్లా తిరిగి ఈదాక కొంగు దులుపుకుని లేచి, ఊరి దారి పట్టింది.

తిరుగు ఆటోలో ఒళ్లంతా నొప్పులు. ఈసారి నేనే ఎవరి భుజం మీదో తల వాల్చాను. కరెంటు పెట్టడం తొందరగానే వచ్చింది. అది ఆగుతుందని ఒక్క మనిషిని నమ్మించడానికే సగం పొద్దు పోయింది. ఆ సగం పొద్దు వృథా అని నాకు అనిపించలేదు. ఈ శిక్షణకు వెళ్లేవాళ్లు ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోండి. వాగులోకి దిగే ముందు, గట్టు మీదివాళ్లు అడగకపోయినా, ఒకసారి పడి చూపించండి.