ఆ రోజు ట్యాంకర్లు ఆగలేదు

మా సారు పోయారని ఫోనొచ్చిన పొద్దున, ఎండాకాలం ఊళ్లకు నీళ్ల ట్యాంకర్లను పంపే మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ అప్పుడే మొదలుపెట్టాం. చాన్నాళ్లుగా మంచం మీద నొప్పితో ఉన్న మనిషి. బాధ తీరిందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ వెంటనే భయమేసింది. ఇక ఏదన్నా చెడితే ఎవరిని అడగాలి?

అనంతపురంలో మాది చిన్న కంపెనీ. ఒక సంస్థలో పని ఎంత కుదురుగా సాగుతోందో ఐదు మెట్లుగా కొలిచే పద్ధతి ఒకటుంది. టెండరుకు మూడో మెట్టు సర్టిఫికెట్ కావాలని మా ఓనరు, అది చూసి రాసిచ్చే సారును పిలిపించాడు. సారు వారం పాటు అందరి పక్కనా కూర్చుని చూసి, "మొదటి మెట్టు మీదే ఉండారప్పా. ఆ పాప ఉంటే నడుస్తాది, లేకుంటే నిల్చిపోతాది" అన్నారు. ఆ పాప నేనే. పొగిడారనుకుని మురిసిపోయాను కూడా.

తర్వాత ఒకసారి సర్వర్ పడిపోతే ఒక్కదాన్నే తంటాలుపడి బాగుచేశాను. శభాష్ అంటారని చూస్తే, "బాగా చేసినావు లేమ్మా. రేపు నీకు జ్వరమొస్తే నల్లమాడకు నీళ్లు ఎవరు పంపాల?" అన్నారు. ఒళ్లు మండిపోయింది. అంతటితో వదిలారా? నేను చేసిందంతా మిగతావాళ్లకు నాచేతే నేర్పించి, ఇంటికి పంపేశారు. "ఫోను ఆపేసి పండుకోపో. వాళ్లు తిప్పలు పడనీ."

ఆ శిక్ష తర్వాత అందరికీ పడింది. ఆయన కూడా కొత్త వెర్షన్ పెట్టే రోజున సొంతూరు పామిడికి పోయి, ఎవరికీ దొరికేవారు కాదు. సర్టిఫికెట్ ఆలస్యమవుతోందని ఓనరు సణిగితే, ఎక్కని మెట్టు ఎక్కినట్టు నేను రాయనని చెప్పేశారు.

ఆయన పోయిన రోజు కాసేపటికే గుత్తి వైపు ట్యాంకర్లు తెరమీద కనిపించడం మానేశాయి. నేను కుర్చీలోంచి లేచేలోపే, కొత్తగా చేరినవాళ్లు పాత వెర్షన్‌కు మళ్లించేశారు. ట్యాంకర్లు మళ్లీ తెరమీదికొచ్చాయి. నన్ను ఒక్క మాట అడగలేదు. ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను.

"మేం చూసుకుంటాంలే, మీరందరూ పోయి రాండక్కా" అన్నారు.

పామిడిలో సారు భార్య మమ్మల్ని చూసి కళ్లు తుడుచుకున్నారు. "ఎవరో ఒకరొస్తే చాలు, పని ఆగకూడదనినాడు ఆయప్ప. అందరూ వచ్చినారే, ఆడ ఎవరు చూస్తాండారు?"

"కొత్తోళ్లు చూస్తాండారమ్మా" అన్నాను.

అన్నీ ముగిశాక పెన్న ఇసుకలో కూర్చున్నాం, పొద్దు గుంకేదాకా. ఎవరి ఫోనూ మోగలేదు.