నాలుగు వందల అడుగుల లెక్క

ఆ శనివారం నేను రెండు వందల అరవయ్యో అడుగు దగ్గర ఆగిపోయాను.

డెబ్భైల చివరి మాట. జంషెడ్‌పూర్ ఉక్కు కంపెనీ రోలింగ్ మిల్లులో షిఫ్టు పని చూసే చార్జ్‌మన్‌గా ఉన్న నన్ను కంపెనీ ఇరవై నెలల ట్రైనింగ్‌కి ఆస్ట్రియా పంపింది. మెట్రిక్ దాటనివాణ్ణి, లెక్కలు మాత్రం మిల్లులో పని చేస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. అక్కడి ఫోర్‌మన్ ఫ్రాంజ్ వారం వారం నన్ను కొండలకు తీసుకువెళ్లేవాడు. వేసవిలో నడుముకి తాడు కట్టుకుని రాళ్లు ఎక్కడం, చలికాలంలో స్కీయింగ్. శనివారం పొద్దున్న రైలు, మధ్యాహ్నానికి కొండ మీది చెక్క బస, ఆదివారం సాయంత్రం తిరుగు రైలు. నలభై ఏళ్లు దాటాక మంచులో బోర్లా పడి, నాలో నేనే నవ్వుకుంటూ లేచాను. అక్కడా నాకు లెక్కే. పది కిలోల మూటతో ఒక్క విడతకి నాలుగు వందల అడుగులు, ఆపైన రెండు నిమిషాలు విశ్రాంతి. ఏడాదికి పైగా ఆ లెక్క తప్పలేదు.

ఆ శనివారం అదే దారి, అదే మూట, రెండు వందల అరవైకే కాళ్లు ఆగాయి. “రాత్రి తాగావా?” అన్నాడు ఫ్రాంజ్, నేను తాగనని తెలిసీ.

మర్నాడు స్కీల మీద జారి పడ్డాను. పెద్ద దెబ్బేం కాదు. తర్వాత వారం వీపు మధ్యలో నొప్పి మొదలైతే అందరం ఆ పడడాన్నే కారణం అనుకున్నాం. అక్కడి డాక్టరు కండరం పట్టిందని పూత మందిచ్చాడు. అది నమ్మడం నా మొదటి తప్పు. పడింది ఆదివారం, అలిసిపోయింది శనివారం. ఫలితం ముందొచ్చి కారణం తర్వాత రాదు. మిల్లులో ఎవరైనా రిపోర్టు ఇలా రాస్తే కాగితం చింపి చేతికిచ్చేవాణ్ణి.

ట్రైనింగ్ ముగించుకుని జంషెడ్‌పూర్ భాలుబాసా పేటలో మా ఇంటికి చేరేసరికి అరవై ఒక్క కిలోల నేను యాభై మూడయ్యాను. రోజూ సాయంత్రం తొంభై తొమ్మిదిన్నర జ్వరం. పక్కింటి అప్పలసామి బావ ఆవనూనె కాచి తెచ్చి, మోకాలు ఆనించి మరీ వీపు తొక్కేవాడు.

“మంచు మీద కోతిలాగ గెంతితే ఎన్ను ఉంటాదేటి? కంపెనీ నిన్ను పనికి పంపిందా, ఆటకి పంపిందా?” అనేవాడు.

ఇరవై రోజులు తొక్కించుకున్నాను. ఇరవై ఒకటో రోజు మంచం మీంచి లేవలేకపోయాను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే, చేతికి సూది గుచ్చి చూసే మాంటూ టెస్ట్, రక్తానికి ఈఎస్ఆర్. ఇరవై లోపు ఉండాల్సిన ఈఎస్ఆర్ ఎనభై ఎనిమిది. డాక్టరు ఫిల్మ్ వెలుగుకి పట్టి చూపించారు. “డీ నైన్, డీ టెన్, నడివీపులో వెన్ను ఎముకలు రెండు. మధ్యలో డిస్క్ స్పేస్ పోయింది. కేరీస్ స్పైన్. అంటే వెన్నెముక టీబీ.”

“మంచులో పడడం వల్లనా సార్?”

“పడ్డానికీ దీనికీ సంబంధం లేదు. ఇది ఎన్నాళ్లనుంచో లోపల ఉంది. ప్లాస్టర్, బెడ్ రెస్ట్, స్ట్రెప్టోమైసిన్, పద్దెనిమిది నెలలు మాత్రలు. కొండలు మాత్రం మర్చిపోండి.”

ఆ ఆఖరి మాట ఒక్కటే నేను రాసుకోలేదు.

ఈ జబ్బు పేరు మావాళ్లు పైకి చెప్పరు. మా ఇంట్లో టీ తాగడం మానేసినవాళ్లున్నారు, ఎముకది అంటుకోదని డాక్టరు చెప్పినా. నా భార్య నరసమ్మ ఊరుకోలేదు. వీధి కుళాయి దగ్గర బావతో అందరూ వినేటట్టే అంది: “కొండెక్కితే వొచ్చీ రోగమైతే, బస్సు తప్ప మరేటీ ఎక్కని మీ తమ్ముడికెలాగొచ్చింది బావా? నువ్వేమో పేరు దాచేసినావు, మేం సెప్పుకుంటన్నాం. అంతే తేడా!”

నేను తెచ్చుకున్న స్కీ కర్రలు రెండింటినీ ఆవిడ నా మంచానికి దోమతెర కట్టడానికి వాడింది. ఏడు నెలలు వాటిని చూస్తూ పడుకున్నాను.

ఏడో నెలకి అరవై కిలోలు. జ్వరం లేదు. ఈఎస్ఆర్ పన్నెండు. నేను గ్రాఫ్ కాగితం మీద మూడు గీతలూ గీశాను. మూడూ నార్మల్‌కి చేరి నిలిచాయి. ఇంక పదకొండు నెలల మాత్రలు దండగని తేల్చి, ఎవరికీ చెప్పకుండా మానేశాను. రోజూ నోట్లో వేసుకున్నట్టే వేసుకుని బిస్కట్ డబ్బాలో దాచేవాణ్ణి.

ఆరు వారాలయ్యాక, ప్లాస్టర్ తీసి ఇంట్లో నడుస్తుండగా, ఎడమ కాలి చెప్పు దానంతటదే జారిపోయింది. తొడుక్కున్నాను. మళ్లీ జారింది. పాదం పైకి లేవడం లేదు.

నరసమ్మకి డబ్బా ఆ రోజే దొరికింది. “ఇయ్యేటి?” అని మంచం మీద కుమ్మరించింది. నేను గ్రాఫ్ చూపించాను. చూడలేదు. “లెక్కలు నువ్వు కడతావు, మొయ్యడం నేను మొయ్యాల!” అని ఏడ్చింది.

డాక్టరు గ్రాఫ్ మొత్తం ఓపిగ్గా చూశారు. “చక్కగా గీశారు. ఇది మీ రక్తం, మీ జ్వరం, మీ బరువు. ఎముక గీత ఏదీ?”

ఎముక దగ్గర చీము చేరి వెన్నుపాము మీద నొక్కుతోందన్నారు. మూడు వారాల్లో పాదం లేవకపోతే ఆపరేషన్, ఆ తర్వాత కూడా నడక హామీ లేదన్నారు.

మళ్లీ ప్లాస్టర్. మళ్లీ మందులు. నరసమ్మే మాత్ర వేసి, “నోరు తెరు. నాలిక ఎత్తు” అని పోలీసులా చూసేది. నేను మంచం చివర స్కేలు కట్టించి బొటనవేలు కదలిక కొలిచాను. పదకొండు రోజులు సున్నా. పన్నెండో రోజు రెండు మిల్లీమీటర్లు. నరసమ్మని పిలిచి చూపిస్తే, “కదిలిందా, నువ్వు ఊపిరి గట్టిగా పీల్చినావా?” అంది. మూడు వారాలకి పాదం మొత్తం లేచింది. కత్తి పడలేదు.

ఆ రోజు నుంచి పద్దెనిమిది నెలలు కొత్తగా లెక్కపెట్టుకుని, ఒక్క మాత్ర తప్పకుండా పూర్తి చేశాను. ఆఖరి ఎక్స్‌రే చూసి డాక్టరు, “ఎముకలు రెండూ అతుక్కున్నాయి. గట్టిగా ఉంది” అన్నారు.

“కొండలు సార్?”

ఆయన నా ఎడమ పాదం పైకీ కిందికీ ఆడించి చూశారు. “నేను వద్దంటే మానేస్తారా? పరిగెత్తొద్దు. మూట వద్దు.”

నా వీపులో చిన్న గూని ఉండిపోయింది. చొక్కా వెనక ఎత్తుగా కనిపిస్తుంది, కనిపించనీ. కొండ నాకు జబ్బు తేలేదు. లోపల దాక్కున్నదాన్ని ఆ దారే ముందుగా పట్టిచ్చింది, నేనే వినలేదు.

ఈ జబ్బుతో పడుకున్నవాళ్లకి ఒక్క మాట. బరువూ జ్వరమూ రోజూ రాసుకోండి, ఆ కాగితం డాక్టరుకి చూపించండి. కానీ మందు ఎప్పుడు ఆపాలన్న లెక్క మాత్రం మీరు కట్టకండి. మాత్రలు ఇంట్లో ఇంకొకరి చేతిలో పెట్టండి, వాళ్లు నోరు తెరవమంటే తెరవండి.

ఇప్పుడు చలికాలం ఆదివారాలు మా ఊరి నది మీది మాంగో వంతెన దాటి, ఏనుగులు తిరిగే దల్మా కొండకి వెళ్తాను. మొదటిసారి బయల్దేరినప్పుడు నరసమ్మ దోమతెర విప్పి కర్రలు రెండూ నా చేతికిచ్చింది. “ఏనుగులొత్తే నీ లెక్కలు సెప్పు, పారిపోతాయి” అంది. ఆ రోజు తొంభై దగ్గర ఆగాను. ఈ జనవరిలో నాలుగు వందలు. ఆ తర్వాత రెండు నిమిషాలు కూర్చుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.