లెక్కలో లేని చందా

మా తమ్ముడి వాళ్ళు పంపిన చందాను మా ఊరివైపు నాయకుడు మింగేశాడని, సౌదీలో మేముండే అల్ అజీజియాలో తెలుగువాళ్ళంతా చెప్పుకుంటారు. తప్పు. మింగలేదు. ఎన్నికల్లో మా మండలమంతా తిరిగిన జీపులకు డీజిల్ పోయించింది ఆ డబ్బుతోనే. పోయించినవాళ్ళే నాతో అన్నారు. మింగి ఉంటే నోరారా తిట్టి ఊరుకునేదాన్ని.

తమ్ముడంటే చిన్నమ్మ కొడుకు. ఇక్కడే ఖోబర్‌లో ఏసీలు బాగుచేసేవాడు. వాడుండే కూలీల క్యాంపులో ఎవరైనా చనిపోతే శవాన్ని ఇంటికి పంపడానికి గుడ్డసంచి తిప్పుతారు. మూసిన పిడికిలి లోపల పెట్టి, ఖాళీ చేయి బయటికి తీయాలి. ఎవరెంత వేశారో చూడకూడదు. తక్కువ వేసినవాడు తల దించుకోకూడదు. ఎన్నికల చందాకూ అదే సంచి తిప్పారు. "గల్ఫ్‌ల ఎవరికేమైనా నేను చూసుకుంట" అన్నాడట అభ్యర్థిగా నిలబడ్డ ఆ నాయకుడు ఫోన్లో.

ఓ శుక్రవారం మా ఇంటికి భోజనానికొచ్చిన తమ్ముడితో వాదన పెట్టుకున్నాను.

"ఈడ చందాలు పోగుచేసుడే నేరంరా. ఇచ్చేదుంటే ఎవరి ఖాతాల నుంచి వాళ్లు పంపుండ్రి, రసీదు తీసుకోండ్రి. నగదుకు హద్దుంది. అభ్యర్థి ఖర్చుకూ హద్దుంది."

"అందుకేనే అక్కా, చేతికియ్యుమన్నరు. బ్యాంకుల ఏస్తే లెక్కలకెక్కుతదట, ఆయన హద్దు దాటుతదట."

"మరి మీరిచ్చిండ్రని ఎట్ల తెలుస్తది?"

"ఆయనకు ఎరుకే గదా! ఇవన్ని నీ బళ్లె పిల్లలకు చెప్పుకో. ఇంకింత పప్పెయ్యి."

సెలవు మీద ఊరెళ్ళే ఒకాయన చేతికిచ్చి డబ్బు పంపించారు. అభ్యర్థి గెలిచాడు. క్యాంపులో మిఠాయిలు పంచారు.

ఆ తర్వాతి ఎండాకాలం తమ్ముడు డాబా మీద పని చేస్తూ చేస్తూనే కూలిపోయాడు. శవం మార్చురీలో ఉంది. పనిలో పెట్టుకున్న కఫీల్ శవాన్ని పంపే కాగితాల మీద సంతకం పెట్టడు. ఎంబసీని గట్టిగా అడిగే పెద్దమనిషి కావాలి. గెలిచినాయన ఇంటికి నేనే ఫోన్ చేశాను. పీఏ ఎత్తాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"అమ్మా, మాకు గల్ఫ్ నుంచి ఎవ్వరూ చందా ఇయ్యలే. లెక్కలు ఎన్నికల ఆఫీసుల దాఖలు చేసినం, చూసుకోండ్రి."

నిజమే. కాగితం మీద ఆయన హద్దు దాటలేదు. తాను హద్దు లోపల ఉండాలంటే మావాళ్ళను బయట పెట్టాలి. పెట్టాడు. మింగడమనే మాట దీనికి చాలదు.

తమ్ముణ్ణి పంపేసరికి చాలా ఆలస్యమైపోయింది. పెట్టె తెరవొద్దని చెప్పి మరీ పంపారు. మరదలు తెరవలేదు. మూత మీద చెంప ఆనించి కూర్చుందట. కర్మకాండలన్నీ అయ్యాక నాకు ఫోన్ చేసింది.

"వదినె, నా మొగడు వాళ్లకు పైసలిచ్చినట్టా, ఇయ్యనట్టా?"

ఎంత పుచ్చుకోవచ్చో రాసిన చట్టంలో, పుచ్చుకున్నవాడు కాదంటే ఇచ్చినవాడి పెళ్ళాం ఎవరి గుమ్మం ముందు నిలబడాలో ఎక్కడ రాశారు?