అవ్వకు అప్పగించిన మల్బరీ బొమ్మలు

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. మా ఇంట్లో జరిగింది మాత్రం చూసింది చూసినట్టు చెబుతాను.

ఎనభైల మొదట్లో పెనుకొండ దగ్గరి పల్లెలో మా నాయన పట్టుపురుగులు మేపేవాడు. హిందూపురం వైపు రైతులకు కొత్త రకం పెంపకం నేర్పడానికి వచ్చిన ఒక జపాన్ ఆయన, భార్యతో సహా మా ముందు గదుల్లో ఏడాది పైగా ఉన్నాడు.

ఆమె మా చేలోని మల్బరీ కట్టెతో జానెడు బొమ్మలు రెండు చెక్కింది. ఒకదానికి ఆడపిల్ల ముఖం, ఇంకోదానికి గుర్రం ముఖం. ఇలాంటివి ఇంటినీ పురుగులనూ కాపాడతాయని వాళ్ల ఊళ్లలో నమ్మకమట. ఏటా పాత గుడ్డ తీయకుండా, దానిపైనే కొత్తది కట్టాలి. వెళ్లిపోయేటప్పుడు, ఈ నేల కట్టె ఈ ఇంట్లోనే ఉండాలని సైగలతో చెప్పి, మా అవ్వ చేతిలో పెట్టి ఏడ్చింది.

ఐదు పూటలా నమాజు చేసే ఇల్లు మాది. నాయనకు నచ్చలేదు.

"మనింట్లో బొమ్మలేందమ్మా? నలుగురు చూస్తే ఏమంటారు?"

"నేనేమన్నా మొక్కుతాండానా? ఆయమ్మ నన్ను నమ్మి అప్పగించి పోయినాది. మాటిచ్చినా," అంది అవ్వ.

వాటిని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. ఏటా ధర్మవరం నుంచి తెప్పించిన పట్టుపేలిక కట్టేది.

మూడో ఏడు అవ్వకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. అదే నెలలో పురుగులకు తెగులు సోకింది. నాయన అన్నిటినీ కాల్చేసి, ఇల్లంతా మందుతో కడిగించాడు. ఆ గొడవలో గుడ్డ సంగతి ఎవరికీ పట్టలేదు.

అవ్వ మాత్రం మంచంలో కుమిలిపోయింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, దిండు కింది తాళంచెవి చూపించింది.

"మాట తప్పినానే పాపా. నువ్వన్నా కట్టు."

పెట్టె తెరిచాను. రెండు బొమ్మలకూ అప్పటికే కొత్త పొర ఉంది. తెల్లగా, పలచగా, కుట్టూ ముడీ లేకుండా ఒంటికి అతుక్కుని ఉంది. మగ్గం మీద నేసింది కాదు. పురుగు గూడు అల్లినట్టు పోగు మీద పోగు.

నాయనను కేకేశాను. పెట్టెంతా దులిపి చూశాడు. పురుగు లేదు, ఆకు ముక్క కూడా లేదు.

అవ్వ ఎడమచేత్తో ఆ పట్టును తడిమింది. "ఆయమ్మకు నా మీద కోపం లేదబ్బా," అని నవ్వింది. జబ్బు చేశాక ఆమె నవ్వడం అదే మొదలు.

నాయన బొమ్మల్ని తానే మళ్లీ పెట్టెలో పెట్టాడు. అవ్వ పోయాక ఏటా గుడ్డ తెచ్చి కట్టింది ఆయనే. ఎందుకని మేమెవరం అడగలేదు.

తర్వాత నేనూ పట్టు పనిలోనే పడ్డాను. బల్లపరుపు చోట వదిలితే పురుగులు గూడు కట్టకుండా పొరలా అల్లుతాయని తెలుసుకున్నాను. కానీ అంత పట్టు అల్లాలంటే పదుల పురుగులు కావాలి. ఆ నెలలో మా ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ పట్టు ఎక్కడిదో నేను ఈనాటికీ చెప్పలేను.